శనివారం సంతకం

పందొమ్మిదేళ్ళ కిందట డాక్టర్ దమయంతికి పేరు తెచ్చిన పరిశోధన పేపరు తప్పని గడిచిన వారం తేలిపోయింది. క్షయ క్రిమిలోని ఒక ప్రోటీన్ ఆకారాన్నీ, దాని గూటిలో కుదురుగా కూర్చున్న ఒక చిన్న మందు అణువునూ ఆమె ఆ పేపరులో చూపించింది. ఆ గూటిలో అణువు లేనే లేదని ఆమె విద్యార్థిని అనూహ్య కనిపెట్టింది. పేపరును వెనక్కి తీసుకుంటున్నామని, దాన్ని అచ్చువేసిన సైన్స్ పత్రికకు ఉత్తరం రాయాలని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. ఆ వెతుకులాటలోనే, ఆ అణువు లేదని అప్పట్లోనే చెప్పి, చదువు మధ్యలో మానేసిన ఓదెలు అనే పాత విద్యార్థి నోటుపుస్తకం ల్యాబ్ బీరువాలో దొరికింది. అందులో నలభై ఏడో పేజీ లేదు. వెళ్ళిపోతూ అతనే కోపంతో చించుకుపోయి ఉంటాడని దమయంతి అనుకుంది. ఓదెలు అశోక్‌నగర్‌లో పాఠాలు చెబుతున్నాడని తెలిసింది. ఉత్తరంలో అతని పేరు పెట్టడానికి ఒప్పుకోమని అడగడానికి ఆమె బయల్దేరింది.

* * *

చిక్కడపల్లిలో ఆమె ఇంటి నుంచి అశోక్‌నగర్ చౌరస్తాకు నడిస్తే పావుగంట. ఆ శనివారం మధ్యాహ్నం దమయంతికి నలభై నిమిషాలు పట్టింది. లైబ్రరీ గోడ పక్కన కాసేపు ఆగింది. ఒక జిరాక్స్ షాపు ముందు ఏ పనీ లేకుండా నిలబడి, తాడుకు వేలాడుతున్న పోటీ పరీక్షల పుస్తకాల పేర్లన్నీ చదివింది. ఆలస్యం చేస్తున్నానని ఆమెకు తెలుసు. భయం వల్లే అనుకుంది. కాని లోపల జరుగుతున్నది భయం కాదు. చెప్పబోయే మాటలను ఆమె నాలుగోసారి కూర్చుకుంటోంది. ‘ఓదెలూ, నువ్వు చెప్పిందే నిజం. నేనే వినలే.’ ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో కూడా తేలిపోయింది. క్షమాపణ చెప్పడానికి వెళ్ళే మనిషిలో ఒక రకం ఉత్సాహం ఉంటుంది. దాన్ని ఆమె తనలో చూసింది. చూడగలిగినందుకు తన మీద తనకు కాస్త గౌరవం కలిగింది. ఆ గౌరవం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చూడలేదు.

స్టడీ హాలు రెండో అంతస్తులో ఉంది. మెట్ల పొడుగునా చెప్పులు. తలుపు దగ్గర చిన్న బల్ల వేసుకుని రచన అనే అమ్మాయి హాజరు పుస్తకం చూస్తూ కూర్చుంది. తనూ పరీక్షలకు చదువుతున్నదే. హాజరు పుస్తకం కింద కరెంట్ అఫైర్స్ పత్రిక తెరిచి ఉంది.

“బాబు కోసమా మేడం, పాప కోసమా?”

“ఎవరి కోసం కాదు. ఓదెలుని కలవాలె.”

“జనరల్ సైన్స్ సారా? క్లాసుల ఉన్నడు, పది నిమిషాలు. కూసోండ్రి.” కుర్చీ జరిపి, గొంతు తగ్గించింది. “పరీక్ష మీరే రాస్తున్నరేమో అనుకున్న. ఏమనుకోకుండ్రి. మా హాల్ల ఒకాయన ఉన్నడు, ఏజ్ లిమిట్ అయిపోయి రెండేండ్లు. అయినా రోజూ పొద్దుగాలే వచ్చి అదే సీట్ల కూసుంటడు. ఏందన్నా ఇది అంటే, ఇంట్ల కూసుంటే తప్పు చేసినట్టు ఉంటదమ్మా అంటడు.”

దమయంతి నవ్వలేదు. గాజు తలుపు అవతల చెక్క అరలలో యాభై అరవై తలలు పుస్తకాల మీదికి వంగి ఉన్నాయి. ఒక్క మాట లేదు. పక్క గదిలోంచి మాత్రం గొంతు వినిపిస్తోంది. ఆ గొంతును ఆమె గుర్తుపట్టింది. పాతికేళ్ళ కుర్రాడి గొంతు మోటుగా, స్థిరంగా మారింది.

“గుడ్డు ఉడకబెడితే తెల్లసొన గట్టిపడతది. ఎందుకు? ప్రోటీన్ ఆకారం మారుతది. చల్లారినంక మళ్ళా ఎనుకటి లెక్క అయితదా? కాదు. గిదే ప్రశ్న రెండుసార్లు వచ్చింది. ఒక్క మార్కు. రాసుకోండ్రి.”

క్లాసు అయిపోయి పిల్లలు బయటికి వచ్చారు. వాళ్ళ వెనక ఓదెలు వచ్చాడు. నలభై నాలుగేళ్ళు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. మార్కర్ మరకలున్న వేళ్ళను రుమాలుతో తుడుచుకుంటూ ఆమెను చూశాడు. తుడుచుకోవడం ఆపలేదు.

“మీరొస్తరని అనుకోలే మేడం.”

“నేను గూడ అనుకోలే. ఎట్లున్నవ్ ఓదెలూ?”

“మంచిగనే ఉన్న. చూస్తున్నరు గద. నేను మీ దగ్గర అయిదేండ్లు చదివింది ఇప్పుడు ఒక్క మార్కు ప్రశ్న.”

క్లాసు వెనక ఉన్న చిన్న గదిలోకి తీసుకుపోయాడు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు దినపత్రికల కట్టలు. బల్ల మీద దిద్దాల్సిన టెస్టు పేపర్లు, వాటి మీద బరువు కోసం ఒక స్టీలు స్కేలు. అతను ఆమెను కూర్చోబెట్టి, తను నిలబడే ఉన్నాడు. పాత అలవాటు. అది గమనించి “కూసో” అంది. అతను కూర్చున్నాడు. ఆ ఒక్క మాటతో పందొమ్మిదేళ్ళు వెనక్కి పోవడం ఇద్దరికీ నచ్చలేదు.

దమయంతి కూర్చుకున్న మాటలన్నీ చెప్పింది. అనుకున్న చోటే గొంతు తగ్గింది. గూడు ఖాళీ అని అనూహ్య ఎలా కనిపెట్టిందో చెప్పింది. ఆ గూటికి సరిపోయే మందులు తయారు చేయడానికి అనూహ్య నాలుగేళ్ళు పోగొట్టుకుందనీ, ఆ పిల్ల చేసిన డెబ్భై రెండు పదార్థాల్లో ఒక్కటీ ప్రోటీన్‌కు అంటుకోలేదనీ చెప్పింది. తర్వాత సంచిలోంచి ఉత్తరం తీసి అతని ముందు పెట్టింది.

“ఇది పత్రికకు పోకముందు, అయిదింటికి మన డైరెక్టర్ గారికి పోవాలె. నీ పేరు పెట్టుడు నా ఆలోచన. నువ్వు ఒప్పుకుంటేనే.”

ఓదెలు ప్రశ్నపత్రం చదివినట్టు ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదివాడు. ఒకచోట వేలు ఆగింది. పేపరు వెలువడిన తర్వాత తమ విద్యార్థి ఓదెలు ఈ సందేహం చెప్పాడనీ, తాము పట్టించుకోలేదనీ, ఈ పొరపాటు తెలియక జరిగిందనీ అక్కడ ఉంది.

“మంచిగ రాసిన్రు” అన్నాడు.

“అనూహ్య రాసింది.”

“మంచి పిల్ల ఉన్నట్టుంది.” వేలు తీయలేదు. “వెలువడిన తర్వాత అని ఉన్నది మేడం.”

“అవును.”

“తర్వాత కాదు. ముందు.”

అతను దాన్ని టెస్టు పేపరులో తప్పు చూపించినట్టు చెప్పాడు. దమయంతికి మొదట జాలి కలిగింది. ఇన్నేళ్ళు ఒక బాధను మోసిన మనిషి జ్ఞాపకంలో దాన్ని కాస్త ముందుకు జరుపుకున్నాడు అనుకుంది. మనసులు అలాగే చేస్తాయి.

“లేదు ఓదెలూ. నాకు మంచిగ గుర్తుంది. పేపరు వచ్చిందని ల్యాబ్‌ల మిఠాయిలు పంచినం. నువ్వు కిటికీ పక్కన నిలబడ్డవ్. నల్ల గీతల చొక్కా. చేతిల మైసూర్‌పాక్ తినకుంట పట్టుకొని, మేడం ఆ గూట్లె ఏం లేదు అన్నవ్. నీ కన్ను ఇంకా తయారు కాలేదు అన్న నేను. ఆ మాట అన్నందుకు ఇన్నేండ్లూ...”

“ఆ మాట అన్నరు. గది నిజం. కాని ఆ రోజు కాదు.” ఓదెలు ఉత్తరాన్ని ఆమె వైపు జరిపాడు. “మిఠాయిలు పంచిన రోజు నేను ఈ ఊర్లెనే లేను. మా అమ్మ పెద్దపల్లిల దవాఖాన్ల ఉండె. వారం రోజులు అక్కడనే ఉన్న. మైసూర్‌పాక్ సంగతే నాకు తెల్వదు మేడం. నా కోసం ఒక్క ముక్క గూడ ఎవలూ దాచిపెట్టలే.”

అతను కొంచెం నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

ప్రోటీన్ స్ఫటికం మీద ఎక్స్‌రేలు పడితే చుక్కలు వస్తాయి. ఆ చుక్కల్లో ఆకారానికి కావలసిన సమాచారం సగమే ఉంటుంది. మిగతా సగం మనమే ఊహించి ఇవ్వాలి. ఆ ఊహలో అణువును పెడితే, కంప్యూటర్ తెర మీద గీసిన పటంలోని నీలం గీతల వలలో అణువు లీలగా కనబడుతుంది. అక్కడ నిజంగా ఉండి కనబడుతోందా, మనం పెట్టినందుకు కనబడుతోందా తేలాలంటే దారి ఒక్కటే. దాన్ని తీసేసి పటాన్ని మళ్ళీ గీయాలి. ఈ సంగతిని దమయంతి ముప్పై ఏళ్ళుగా ప్రతి కొత్త విద్యార్థికీ మొదటి రోజే చెబుతూ వచ్చింది.

ఇప్పుడు ఆ కిటికీ పక్కనుంచి ఓదెలును తీసేసింది. చొక్కాను తీసేసింది. చేతిలోని మిఠాయిని తీసేసింది. కిటికీ మిగిలింది. గాజు మీద వాన చినుకులు. మిఠాయి డబ్బా చేతులు మారుతోంది, అందరూ నవ్వుతున్నారు. వాళ్ళ మధ్య తను ఎవరూ లేని కిటికీ వైపు చూస్తోంది. ఎవరూ లేరు అన్న ఊరటతో చూస్తోంది.

ఆ ఊరట ఎందుకో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఆ అనిపించకపోవడమే ఆమెను మొదటిసారి భయపెట్టింది.

“నీ పుస్తకం దొరికింది ఓదెలూ” అంది. గొంతులో ఆమెకే తెలియని గట్టిదనం వచ్చింది. “నలభై ఏడో పేజీ లేదు. ముందు అయితే ఆ పేజీల ఉండాలె. దాన్ని నువ్వే చింపుకొని పోయినవ్.”

“నేను ఎందుకు చింపుత మేడం? నా దగ్గర ఉన్నదాయె.”

ఓదెలు బల్ల సొరుగు తెరిచి, అట్టల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు.

ఆ కవరులోని పసుపు కాగితాలను చూడగానే ఆమెకు అర్థమైంది. ఆ పుస్తకాలను నారాయణగూడలో ఒక స్టేషనరీ దుకాణంలో ఆమే ప్రత్యేకంగా కుట్టించేది. ఒక తెల్ల పేజీ, దాని కింద అదే నంబరుతో పలచని పసుపు పేజీ, మధ్యలో కార్బన్ కాగితం. వారమంతా చేసిన పనిని విద్యార్థి రాయాలి. శనివారం మధ్యాహ్నం పుస్తకాలన్నీ ఆమె బల్ల మీదికి రావాలి. ఆమె ప్రతి పేజీ చదివి, కింద ఇంగ్లీషులో ‘చూశాను’ అని రాసి, తారీఖు వేసి, సంతకం పెడుతుంది. కార్బన్ తీయకుండానే పెడుతుంది. సంతకం పడ్డాకే పసుపు కాగితం విద్యార్థికి. తెల్లది ల్యాబ్‌కు. ఆమె సంతకం లేని ఫలితం ఆ ల్యాబ్‌లో ఫలితమే కాదు. ఈ పద్ధతిని చూడటానికి వేరే ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. దాని గురించి ఆమె ఒక ఉపన్యాసం కూడా ఇచ్చింది.

ఓదెలు ఒక కాగితం తీసి, ఉత్తరం పక్కన పరిచాడు. పైన 47. కార్బన్ రాత మసకబారినా చదవడానికి ఇబ్బంది లేదు. ముత్యాల్లాంటి అక్షరాల్లో ఓదెలు ఇంగ్లీషులో రాసిన మూడు వరుసలు. అణువును తీసేసి పటం మళ్ళీ గీశాను. గూడు ఖాళీగా ఉంది. ఉన్నది నీళ్ళే.

కింద ఆమె చేతిరాత.

‘చూశాను. ఇప్పుడు వద్దు. పేపరు పోయాక మాట్లాడుదాం.’

సంతకం. తారీఖు. పేపరు పత్రికకు వెళ్ళడానికి పదకొండు రోజుల ముందు.

ఆమె తారీఖును చూడలేదు. భాషను చూసింది. ల్యాబ్ పుస్తకాల్లో ఆమె ఎప్పుడూ తెలుగు రాయదు. ఆ పుస్తకాలు రేపు ఎవరైనా బయటివాళ్ళు తనిఖీ చేయాల్సినవి, అందరికీ అర్థం కావాలని ఆమే నియమం పెట్టింది. ఆ ఒక్క పేజీలో తెలుగులో రాసింది. బయటివాళ్ళు చదవకూడదని రాసింది. తెలియని మనిషి అంత జాగ్రత్త పడదు.

“మీరు సంతకం పెట్టకపోతే నేనే తప్పు చూసిన అనుకుంటుంటి” అన్నాడు ఓదెలు. “పెట్టకుండ పుస్తకం ఎనుకకు ఇయ్యచ్చు గద? ఇయ్యలే. చూశాను అని రాసిన్రు. గదే నా పరేషాన్ మేడం. ఇన్నేండ్లు గదే. అబద్ధం చెప్పాల్సిన జాగల గూడ మీరు సంతకం తప్పియ్యలే.”

“నాకు గుర్తు లేదు” అంది దమయంతి. అది నిజం. ఆ నిజం ఎంత పనికిమాలినదో అంటున్నప్పుడే తెలిసింది.

“పేపరు పోయినంక మాట్లాడదామన్నరు. ఊరికెళ్ళి వచ్చి మీ గదిల నిలబడ్డ. నీ కన్ను ఇంకా తయారు కాలేదు అన్నది గప్పుడు. ల్యాబ్‌లకెళ్ళి నా పేరు తీసేయుండ్రి అన్న. తీసేసిన్రు.”

“తెల్ల పేజీ...”

“అది మీ బీరువాల. తాళం చెవి మీ బ్యాగుల. నాకేం తెల్సు?”

అతను ఆ మాట ఆరోపణగా అనలేదు. అందుకే ఆమె ఆలోచించగలిగింది. నిన్న అనూహ్య ఆ పుస్తకం తెచ్చి చూపినప్పుడు, పేజీ చిరిగిన అంచును ఆమె వేలితో తడిమింది. ఎక్కడా పీలికలు లేవు. గీత గీసినట్టు ఉంది. కోపంలో కూడా ఎంత పొందిగ్గా చింపాడు అనుకుంది. మెచ్చుకుంది కూడా. కాగితాన్ని చేత్తో చింపడం దమయంతికి చేతకాదు. కరెంటు బిల్లయినా, శుభలేఖయినా, పాత ఉత్తరమైనా స్టీలు స్కేలు ఆనించి, ఎడమచేత్తో అదిమి, కుడిచేత్తో పైకి లాగుతుంది. ల్యాబ్‌లో పిల్లలు ఆమె వెనక దాన్ని అభినయించి నవ్వుకునేవాళ్ళు. ఆ శబ్దం ఇప్పుడు ఆమెకు వినిపించింది. ఎప్పటిదో, ఏ కాగితానిదో తెలియదు. గుర్తుండాల్సింది మనసుకు గుర్తు లేదు. చేతులకు ఉంది.

చించిన చేతులు కింద ఉన్న పసుపు కాగితాన్ని మరిచిపోయాయి. అది ఆ శనివారమే ఓదెలుకు వెళ్ళిపోయింది. ఆమె పెట్టిన పద్ధతి ప్రకారమే.

ఆ వారం ఏం జరిగిందో తేటగా గుర్తుంది, ఈ పేజీ తప్ప. ఆమెకు ఈ విద్య నేర్పిన జగదీశ్వర్ గారు ఆస్పత్రి మంచం మీద ఉన్నారు. ఆమె ఆ పటాన్ని రంగుల్లో అచ్చు వేయించి తీసుకుపోయి ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. ఆయన చాలాసేపు చూసి, “మంచిగ కూసుంది దమయంతీ” అన్నారు. మూడో రోజున పోయారు. ఆ మాటను ఆమె ఎన్నో సభల్లో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కళ్ళు తడిసేవి. ఆ పటం చూపించే రోజుకి నలభై ఏడో పేజీ మీద సంతకం పడి ఉందా, లేదా? తారీఖు ఆమె ముందే ఉంది. తల కాస్త వంచితే చాలు, లెక్క తేలిపోతుంది. ఆమె వంచలేదు.

“దీన్ని ఎవరికీ ఎందుకు చూపించలే?” అంది చివరికి.

“ఎవలికి చూపియ్యాలె? చూపిస్తే మీరు పోతరు. నాకు సైన్స్ అంటే మీరే. మీరు పోయినంక నేను అండ్ల ఉండి ఏం చెయ్యాలె?” ఓదెలు కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు. పాత మడతల మీదే మడిచాడు. “మొదట్ల కోపంతోని దాచిన. తర్వాత మీరే ఒకనాడు వచ్చి అడుగుతరని దాచిన. ఇయ్యాల వచ్చిన్రు. కాని దీని గురించి రాలే.”

అతను దాన్ని ఆమె ముందు పెట్టాడు.

“తీసుకపోండ్రి.”

“ఓదెలూ...”

“ఇంకో కాపీ లేదు. జిరాక్స్ తియ్యలే, ఫోన్ల ఫోటో తియ్యలే. మా ఇంట్ల గూడ ఎవలికీ తెల్వదు. నా పేరు మీ ఉత్తరంల పెట్టుకుంటరా, పెట్టుకోరా, అది మీ ఇష్టం. నాతోని మాత్రం ఇగ కాదు మేడం. పిల్లలు ఎదురు చూస్తున్నరు, ఇంకో క్లాసు ఉన్నది.”

లేచాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. అవతల కుర్చీలు జరిగిన చప్పుడు. తర్వాత అతని గొంతు, ఇందాకటి లాగే స్థిరంగా, కొత్త పాఠం మొదలుపెట్టింది.

ఫోను మోగింది. అనూహ్య.

“మేడం, డైరెక్టర్ సార్ ఆఫీసు నుంచి రెండుసార్లు అడిగిన్రు. ఉత్తరం తయారుగుంది. ఓదెలు సార్ ఒప్పుకున్నరా?”

“ఆఁ” అంది దమయంతి.

“హమ్మయ్య. అయితే పంపిస్త. ఒక్కటే మేడం, ‘తెలియక జరిగింది’ అన్న వాక్యం మీరు ఒక్కసారి చూస్త అన్నరు గద. దాన్ని గట్లనే ఉంచనా?”

అయిదుకు ఇరవై నిమిషాలు ఉంది. ఎడమచేతిలో ఫోను. బల్ల మీద పసుపు కాగితం తన మడత తనే కొంచెం విప్పుకుని, చివర సంతకం మాత్రం కనబడేలా ఆగింది. దాని పక్కనే, దిద్దాల్సిన పేపర్ల మీద, స్టీలు స్కేలు.

“మేడం? వినపడుతున్నదా?”

తన కుడిచెయ్యి బల్ల మీద నెమ్మదిగా కదిలి స్కేలు వైపు పోవడం దమయంతి చూసింది. ఎవరి చేతినో చూసినట్టు చూసింది. ఈసారి మాత్రం, చూసింది.